చెక్క నేల, వెచ్చని మూల

ఉదయం హేరాన్ వంటింట్లోకి వచ్చేసరికే అత్తగారు జోమ్రే తడిగుడ్డతో హాలు తుడుస్తూ ఉంది. ఎనభైకి దగ్గరపడిన మనిషి. మోకాళ్ళ మీద వంగి, నేలంతా అతికించిన పసుపు రంగు ప్లాస్టిక్ షీటు మీద ఒక్క చార కూడా మిగలకుండా, పసిపిల్ల మొహం తుడిచినంత శ్రద్ధగా తుడుస్తుంది. కర్ర ఉన్న తుడుపుగుడ్డ కొనిచ్చినా ముట్టుకోదు. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉంటుందేమో గానీ, కోడలికి మాత్రం ఆ గుడ్డ చప్పుడు వింటే పొద్దున్నే ఎవరో సాధిస్తున్నట్టు ఉంటుంది.

"అత్తయ్యా, ఎల్లుండి ఆ షీటు పీకి పారేస్తారు. ఇంకా దాన్ని తోమడం దేనికి?" అంది హేరాన్, అన్నం కుక్కర్ మూత తీస్తూ.

"ఎల్లుండి పోయేదని ఇవాళ మురికిగా ఉంచుతామా? నేనూ రేపో మాపో పోయేదాన్నే. అలాగని స్నానం మానేశానా?"

హేరాన్ భర్త దోంగ్‌సిక్ కిమ్చీ పచ్చడి గిన్నె వైపు తలొంచుకుని నవ్వు ఆపుకున్నాడు. వోంజు ఊళ్ళో సిటీ బస్సు నడుపుతాడు. బస్సులో ఎంతటివాడినైనా గదమాయిస్తాడు. ఇంట్లో, తల్లికీ భార్యకీ మధ్య కూర్చున్నప్పుడు మాత్రం నోట్లో నాలుక లేనట్టే ఉంటాడు.

ఇంటికి చెక్క నేల వేయించాలన్నది హేరాన్ పట్టుదల. కూతురు బోరమ్‌కు నెలలు నిండుతున్నాయి. కాన్పయ్యాక కొన్నాళ్ళు తల్లినీ బిడ్డనూ చూసుకునే బాలింతల కేంద్రంలో ఉండి, తర్వాత పసిబిడ్డతో పుట్టింటికే వస్తుంది. ఆలోగా ఇల్లు కొత్తగా కనిపించాలి. సూపర్‌మార్కెట్ చేపల కౌంటర్లో, మంచుగడ్డల మధ్య చేతులు పెట్టి ఏళ్ళ తరబడి చేపలు కోసి హేరాన్ దాచుకున్న సొమ్ముతోనే ఆ పని. అందులో అత్తగారిది గానీ, మొగుడిది గానీ నయాపైసా లేదు. కాబట్టి ఎవరి మాటా వినదలచుకోలేదు.

అంతకుముందు వారం ముగ్గురూ కలిసి చెక్కల దుకాణానికి వెళ్ళారు. యజమాని రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి ప్లైవుడ్ మీద పలచటి చెక్కపొర అతికించినది. రెండోది బొటనవేలంత మందం ఉన్న అసలు ఓక్ పలక.

"నేల కింద వేడినీళ్ళ పైపులు ఉన్న ఇళ్ళకి పలచటిదే మంచిదమ్మా," అన్నాడు యజమాని. "వేడి తొందరగా పైకొస్తుంది, చెక్క కూడా కుదురుగా ఉంటుంది. ఈ మందం పలక చూడ్డానికి అందమే. కానీ పొద్దున బాయిలర్ వేస్తే మధ్యాహ్నానికి గానీ పాదానికి తెలీదు. వెచ్చబడినా అన్నిచోట్లా ఒకేలా, గోరువెచ్చగా ఉంటుందంతే."

"అన్నిచోట్లా ఒకేలానా?" అని హేరాన్ రెట్టించి అడిగింది.

జోమ్రే ఆ పలకను వేలి కణుపులతో తట్టి చూసి పెదవి విరిచింది. "దీని మీద పిల్లి కూడా పడుకోదు. వీపుకి వేడి తగలని నేల ఎందుకు, వీధిలో పడుకోవచ్చుగా?"

"మీ ఒక్కరి వీపు కోసమేనా ఇల్లు?"

"నా గది జోలికి మాత్రం రావద్దు. నేను పోయాక నీ ఇష్టం."

"మీ గది మీకే ఉంచుతాం లెండి," అని హేరాన్ మందం పలక మీద చెయ్యి వేసింది. "ఇదే ఇవ్వండి."

ఆ ఎంపికలో అందం పాలు తక్కువ, కక్ష పాలు ఎక్కువ. ఆ సంగతి హేరాన్‌కు తెలుసు. తెలిసీ సంతోషించింది.

బోరమ్ పుట్టిన ఏడు వాళ్ళు ఒంటి గది ఇంట్లో ఉండేవాళ్ళు. వంటింటి పొయ్యిలో బొగ్గు బిళ్ళలు పెడితే దాని వేడి గది నేల కిందుగా వెళ్ళేది. పొయ్యి పక్కన ఉన్న మూల కాలేటంత వెచ్చగా ఉండేది. తలుపు దగ్గరికి వచ్చేసరికి నేల మంచులా ఉండేది. బాలింతను వెచ్చటి నేల మీద పడుకోబెట్టాలని, లేకపోతే చలి ఎముకల్లో దిగి చచ్చేదాకా పోదని వాళ్ళ దేశంలో పసిపిల్లలకు కూడా తెలుసు. జనవరి చలిలో హేరాన్ పసిగుడ్డును ఎత్తుకుని ఆసుపత్రి నుంచి వచ్చింది. వెచ్చని మూలలో అత్తగారి పరుపు పరిచి ఉంది. ఆడపిల్ల పుట్టిందని అప్పటికే మొహం గంటు పెట్టుకున్న జోమ్రే, "పిల్ల ఏడిస్తే నాకు నిద్రపట్టదు. అవతలగా పడుకో," అంది.

హేరాన్ తలుపు దగ్గర పడుకుంది. బిడ్డను తన పొట్ట మీద పెట్టుకుని, తన వీపును నేలకు అప్పగించింది. ఆ చలికాలం దిగిన నొప్పి మణికట్లలో, నడుములో అలాగే ఉండిపోయింది. చేపల కౌంటర్లో మంచు తగిలి చేతులు పీకినప్పుడల్లా ఆమెకు గుర్తొచ్చేది మంచు కాదు, అత్తగారి పరుపు.

తర్వాత ఈ అపార్ట్‌మెంటుకు మారారు. ఇక్కడ వేడినీళ్ళ పైపులు వంటింటి గోడ దగ్గర మొదలవుతాయి. ఆ గోడకు అవతల అత్తగారి గది. ఆ గోడవారగా వేడి అన్నిటికన్నా ఎక్కువ. అక్కడ ఎప్పుడూ ఒక ఎర్ర బొంత పరిచి ఉండేది. తలుపు తీసి ఉన్నప్పుడు ఆ బొంత కంటపడితే హేరాన్‌కు ఒళ్ళు మండేది. ఇల్లు మారినా ఈవిడ తన మూల తను వెతుక్కుంది అనుకునేది. రోజూ సాయంత్రం హేరాన్ పని నుంచి రాగానే జోమ్రే ఆ బొంత కింద నుంచి మూత పెట్టిన అన్నం గిన్నె తీసుకొచ్చేది, బయటికెళ్ళినవాళ్ళ అన్నం చల్లారకుండా నేల వేడిన దాచే పాతకాలం అలవాటు ప్రకారం. "కుక్కర్లో వేడిగానే ఉందిగా అత్తయ్యా," అని హేరాన్ దాన్ని ముట్టకుండా కుక్కర్లోదే వడ్డించుకునేది. మర్నాడు పొద్దున ఆ చద్దన్నం జోమ్రే తినేది.

మందం చెక్క వేస్తే ఆ ఇంట్లో ఎవరికీ ప్రత్యేకమైన మూలంటూ ఉండదు. అత్తగారు తన గదికి ఒప్పుకోలేదు గానీ, ఎప్పటికో అప్పటికి అదీ అవుతుంది. హేరాన్ కోరుకున్నది అది.

పనివాళ్ళు వచ్చారు. హాల్లో, బోరమ్ కోసం ఉంచిన గదిలో పాత షీటు పీకి, జిగురు పూసి ఓక్ పలకలు పరిచారు. ఇల్లంతా కొత్త చెక్క వాసన. హేరాన్ మేజోళ్ళు విప్పి ఆ పలకల మీద నడిచి చూసుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో తను ఎంచుకున్న వస్తువు ఇదే మొదటిది.

వెళ్తూ మేస్త్రీ ఇంట్లో అందరికీ వినబడేట్టు చెప్పాడు. "వారం దాకా ఈ రెండు చోట్లా వేడి పెట్టకండి. జిగురు ఆరకముందే కింద వేడి తగిలితే పలకలు లేస్తాయి." సింకు కింద ఉన్న వాల్వుల్లో హాలుదీ, బోరమ్ గదిదీ కట్టేసి, జోమ్రే గదిది మాత్రం తెరిచి ఉంచాడు.

రెండు రోజులైనా గడవలేదు, బోరమ్‌కు నొప్పులు ముందే వచ్చాయి. హేరాన్ ఆసుపత్రికి పరిగెత్తింది. కాన్పు తేలిగ్గానే అయింది. ఆడపిల్ల. కానీ బాలింతల కేంద్రంలో వాళ్ళు మాట్లాడుకున్నది వచ్చే నెలకు. ఇప్పుడు గది ఖాళీ లేదన్నారు. హేరాన్ ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, కాన్పయింది. ఎల్లుండి మధ్యాహ్నం బోరమ్‌ని మనింటికే తీసుకొస్తాం."

"బోరమ్ ఎలా ఉంది? ఒళ్ళు వెచ్చగా ఉందా?"

"బాగానే ఉంది."

"ఎల్లుండి మధ్యాహ్నమేగా? సరే," అని జోమ్రే ఫోన్ పెట్టేసింది.

ఏం పుట్టిందని కూడా అడగలేదు. మనవరాలి కాన్పంటే ఈవిడకి ఇంతేనా అని హేరాన్ ఫోన్ వంక చూసి పళ్ళు నూరుకుంది.

మర్నాడు సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి తలుపు తీసేసరికి ఎదురుగా వేడి గాలి కొట్టింది. జిగురు వాసన ముక్కుపుటాలు అదిరేట్టు ఉంది. హాల్లో అడుగుపెడితే కాలి కింద పలక టక్‌మంది. కొన్ని పలకలు నడుమ ఉబ్బి ఉన్నాయి. కొన్నిటి మధ్య గోరు పట్టేంత సందులు వచ్చాయి. బోరమ్ గదిలో కిటికీ వైపు వరసంతా లేచిపోయింది. ఆ గది మధ్యలో జోమ్రే మోకాళ్ళ మీద కూర్చుని, అరచేత్తో నేల తడిమి చూస్తోంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన దోంగ్‌సిక్, టోపీ కూడా తీయకుండా గుమ్మంలో నిలబడిపోయాడు.

"వాల్వులు ఎవరు తిప్పారు?" అని అడిగింది హేరాన్. గొంతు పెంచలేదు.

"నేనే తిప్పాను."

"మేస్త్రీ చెప్పింది మీరు వినలేదా?"

"విన్నాను. నువ్వు బోరమ్ కోసం ఉంచింది ఈ గదేగా. మందం చెక్క కదా, వేడెక్కడానికి టైం పడుతుందని నిన్నటి నుంచే వేశాను. బాలింత చల్లటి నేల మీద పడుకోకూడదు."

హేరాన్ చేతిలోని సంచి కింద పడేసింది.

"ఏమన్నారు? మళ్ళీ అనండి."

జోమ్రే అరచెయ్యి ఇంకా నేల మీదే ఉంది.

"బాలింత చల్లటి నేల మీద పడుకోకూడదా అత్తయ్యా? ఆ మాట మీకు ఇన్నేళ్ళకి గుర్తొచ్చిందా? ఆ జనవరిలో నేను బాలింతని కానా? మీరు వెచ్చగా గురకపెట్టి నిద్రపోతుంటే, నేను తలుపు సందులోంచి వచ్చే గాలి పసిదానికి తగలకుండా అడ్డం పడుకున్నాను. అప్పుడు ఈ జ్ఞానం ఏమైంది?"

"హేరాన్, పోనీ ఇప్పుడెందుకు అదంతా," అన్నాడు దోంగ్‌సిక్.

"మీరు అప్పుడూ ఇదే అన్నారు, పోనీ అని. నేను ఎక్కడికి పోనిచ్చేది? నా చేతులు చూడండి. సీసా మూత తిప్పలేను. చేప తల కోస్తుంటే కత్తి జారుతుంది." ఆమె అత్తగారి వైపు తిరిగింది. "జీవితంలో ఒక్కటి నేను ముచ్చటపడి చేయించుకున్నాను. దాన్ని కూడా ఉండనివ్వలేదు మీరు. అప్పుడు వేడి ఇవ్వకుండా చంపారు, ఇప్పుడు వేడి పెట్టి చంపారు."

జోమ్రే నేల మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అవును. ఆ రోజు ఆ మూలలో నేనే పడుకున్నాను," అంది. "ఆడపిల్లని కన్నావని కోపం. అంతకు మించి కారణమేమీ లేదు."

ఏదో ఒక సాకు చెప్పినా హేరాన్ దాన్ని చీల్చి చెండాడి ఉండేది. అలా ఉన్నది ఉన్నట్టు ఒప్పుకునేసరికి, చేతికి దొరికింది కాస్తా జారిపోయినట్టయి ఇంకా మండిపడింది. "మీ మొహం చూస్తే నాకు ఆ గదే కనిపిస్తుంది. ఇక నా వల్ల కాదు," అనేసి లోపలికి వెళ్ళిపోయింది. జోమ్రే మెల్లగా లేచి సింకు కింద వాల్వులు కట్టేసింది.

తెల్లవారాక పక్క ఊరు జెచోన్ నుంచి ఆడపడుచు ఇన్సుక్ కారేసుకుని వచ్చింది. జోమ్రే తనే ఫోన్ చేసి రమ్మందట. ఇన్సుక్ హాల్లో టక్కుటక్కుమంటున్న పలకల మీద నడుస్తూ, "ఈ చెక్కముక్కల కోసమేనా వదినా మా అమ్మని వెళ్ళగొట్టింది?" అంది.

"నేను పొమ్మనలేదు. ఉండమనీ అనను."

"భలే మాట. కోర్టులో పనికొస్తుంది."

"పద ఇన్సుక్, దాన్నేమీ అనకు," అంది జోమ్రే. బట్టల మూట చంకన పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ కొడుకుతో, "నా గదిలో నేల బాగుంది. పిల్లని అక్కడ పడుకోబెట్టండి," అని చెప్పింది. కోడలి వైపు చూడలేదు.

మధ్యాహ్నం బోరమ్ వస్తుంది. చెప్పిన చోటు తప్ప వేరే దారి లేదు. హేరాన్ చీపురు పట్టుకుని అత్తగారి గదిలోకి వెళ్ళింది. ఏటా పండగకి అత్తగారికి మొక్కడానికి తప్ప ఆమె ఆ గదిలో కాలు పెట్టింది లేదు. శుభ్రం చేసుకునేది జోమ్రేనే. పరుపు మడత పెట్టి బీరువాలో సర్ది ఉంది. గోడవారన ఎర్ర బొంత మాత్రం ఎప్పట్లాగే పరిచి ఉంది.

హేరాన్ బొంత అంచు పట్టుకుని లాగింది. కింద మూత పెట్టిన అన్నం గిన్నె ఉంది. నిన్న సాయంత్రంది. అన్ని మాటలు పడ్డాక కూడా మరచిపోకుండా పెట్టింది. గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది.

గిన్నె పక్కకు జరిపి చూస్తే, బొంత కింద నేలషీటు కొత్తదానిలా మెరుస్తోంది. సన్నటి అల్లిక ముద్ర ఎక్కడా చెరగలేదు. మనిషి పడుకుని లేచిన చోటు అలా ఉండదు. హేరాన్ తలెత్తి గదంతా చూసింది. అవతల కిటికీ కింద, గాలి కొట్టే చోట, షీటు తెల్లగా అరిగిపోయి ఉంది. భుజాలు ఆనేచోటు, తుంటి ఆనేచోటు, మడమలు ఆనేచోటు. ఒక పొట్టి మనిషి పొడవున.

"ఏమండీ," అని పిలిచింది. "మీ అమ్మ ఎక్కడ పడుకుంటుంది?"

దోంగ్‌సిక్ గుమ్మంలోకి వచ్చి ఆశ్చర్యంగా చూశాడు. "కిటికీ దగ్గర. ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ అక్కడేగా. నీకు తెలీదా?"

"ఈ మూలలో ఎవరు పడుకుంటారు?"

"ఎవరూ పడుకోరు. ఎన్నోసార్లు చెప్పి చూశాను, అక్కడ వెచ్చగా ఉంటుంది పడుకోవే అమ్మా అని. నాకు ఆ మూల వద్దురా అంటుంది. నేనే ఒకసారి నడుం వాలిస్తే లేపేసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడు అడిగావు?" అన్నాడు అమాయకంగా.

హేరాన్ అక్కడే కూలబడింది. ఇన్నేళ్ళూ తను పగబట్టింది ఖాళీ మూల మీద. ఆ బొంత చూసి తిట్టుకోని రోజు లేదు. దాని కింద తన కోసం గిన్నెడు అన్నం తప్ప ఏమీ లేదు. అప్పుడే ఫోన్లో మాట కూడా గుర్తొచ్చింది. ఏం పుట్టిందని అడగకపోవడం నిర్లక్ష్యం అనుకుంది. కొడుకా కూతురా అని అడిగే నోరు తనకు లేదని ఆ ముసలామె ఎప్పుడో తీర్పు చెప్పుకుని ఉంటుంది. హేరాన్ ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, తనకు కోపం తగ్గలేదని కూడా గమనించింది. దానికి ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

బోరమ్‌నూ బిడ్డనూ ఆ మూలలోనే పడుకోబెట్టి, బాలింతలకు పెట్టే సముద్రపు నాచు చారు కాచి పెట్టి, కూతుర్ని దోంగ్‌సిక్‌కు అప్పగించి, హేరాన్ జెచోన్ బస్సెక్కింది.

ఇన్సుక్ ఇంట్లో జోమ్రే సోఫా అంచున, బస్టాండులో కూర్చున్న మనిషిలా కూర్చుని ఉంది. మూట ఇంకా విప్పలేదు. కోడల్ని చూసి లేవబోయింది.

"కూర్చోండి. నేల చూశాను," అంది హేరాన్. "కిటికీ కింద."

జోమ్రే తల తిప్పుకుంది.

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెప్తే ఏమొస్తుంది? నీ చేతుల నొప్పి తగ్గుతుందా?"

"మీరు చలిలో పడుకుంటే తగ్గిందా మరి?"

"తగ్గలేదు," అంది జోమ్రే. "అందుకే చెప్పలేదు."

ఇన్సుక్ వంటింట్లోంచి తొంగిచూసి, ఏమనుకుందో ఏమో, వెనక్కి వెళ్ళిపోయింది.

"ఆడపిల్ల పుట్టింది అత్తయ్యా," అంది హేరాన్ చివరికి.

"వెచ్చగా పడుకుందా?"

"పడుకుంది. మీరు ఖాళీగా ఉంచిన చోటే. నాకు మీ మీద కోపం పోలేదు. పోతుందని కూడా చెప్పను. కానీ బోరమ్‌కి చారు కాయడానికి నాకు చేతులు సాయం రావడం లేదు. పదండి ఇంటికి."

జోమ్రే మూట అందుకుంది. తనే మోస్తానని హేరాన్ చెయ్యి చాపితే, "నీ మణికట్టుకి బరువు," అని ఇవ్వలేదు.

వాళ్ళు ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. హాల్లో ఉబ్బిన పలకలు ఇద్దరి అడుగుల కిందా టక్కుమన్నాయి. వాటిని ఏం చెయ్యాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. గదిలో బోరమ్ బిడ్డకు పాలిస్తోంది. జోమ్రే బీరువాలోంచి పరుపు తీసి, అలవాటుగా కిటికీ వైపు నడిచింది. అక్కడ అప్పటికే హేరాన్ తన పరుపు వేసుకుని ఉంది.

"అది నా చోటు. నీ ఎముకలకి ఆ చలి పడదు," అంది జోమ్రే.

"మీ ఎముకలకి పడిందా?"

"నానమ్మా, అమ్మా, ఇక్కడ చాలా చోటుంది. మీ ఇద్దరూ పోట్లాడుకుంటే పాప లేస్తుంది," అంది బోరమ్, గోడ వైపు జరుగుతూ.

జోమ్రే బొంత అంచు ఎత్తి, మోకాళ్ళ మీద కూర్చుంది. "ఇలా రా బోరమ్ వాళ్ళమ్మా," అని పిలిచింది. హేరాన్ లేచి రాలేదు. ముసలామె మళ్ళీ పిలవలేదు, బొంత ఎత్తి పట్టుకుని అలాగే కూర్చుంది. ఆ చెయ్యి అలసి కిందికి దిగసాగాక హేరాన్ లేచి వచ్చి పక్కన కూర్చుంది.

జోమ్రే కోడలి రెండు మణికట్లూ పట్టుకుని బొంత కిందకు చేర్చి, వేడి నేల మీద ఆనించి, పైన తన అరచేతులు వేసి నొక్కి పట్టింది. క్షమించమని అడగలేదు. హేరాన్ కళ్ళు మూసుకుంది. నొప్పి ఏమాత్రం తగ్గలేదు, ఇక తగ్గదని కూడా ఆమెకు తెలుసు. అయినా చేతులు వెనక్కి తీసుకోలేదు.